ఆర్బిటాల్ మాగ్నెటిక్ బోర్డు: నింపడానికి భేష్, తీసేటప్పుడు జాగ్రత్త

ఇంటర్ మొదటి సంవత్సరం వాళ్లకు పరమాణు నిర్మాణం పాఠం మొదలయ్యే రోజుల్లో, విశాఖలో ల్యాబ్ సామాను అమ్మే దుకాణాల్లో ఒక తెల్ల రేకు బోర్డు గోడకు ఆనించి కనిపిస్తుంది. దాని మీద గడులు గీసి ఉంటాయి. ఒక్కో గడి ఒక ఆర్బిటాల్, అంటే ఎలక్ట్రాన్లు ఉండే చోటు. ఒక్కో బాణం ఒక ఎలక్ట్రాన్: పైకి చూసే ఎర్రది ఒక స్పిన్, కిందికి చూసే నీలం దానికి వ్యతిరేక స్పిన్. ఆ గడుల్లో ఈ బాణాలు అతికిస్తూ ఎలక్ట్రాన్ విన్యాసం, అంటే పరమాణువులో ఏ ఎలక్ట్రాన్ ఎక్కడుందో, చెప్పాలి. కాలేజీల వాళ్లు, ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల వాళ్లు, పిల్లల్ని ఇంట్లోనే కూర్చోబెట్టి చదివించే తల్లిదండ్రులు కొంటున్నారు. ఒకే సరుకు రెండు మూడు లేబుళ్లతో వస్తోంది కాబట్టి కంపెనీ పేరుతో పని లేదు, కింద ఉన్న కొలతలు చూస్తే ఏ బోర్డో తెలిసిపోతుంది. ఎలక్ట్రాన్లను నింపడం నేర్పడానికి ఇది చాలా మంచి వస్తువు. తీయడం దగ్గర, అంటే అయాన్ల దగ్గరికి వచ్చేసరికి, తప్పుదోవ పట్టిస్తుంది. పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోవచ్చు గానీ, మాన్యువల్‌లో ఆ ఊసే లేదు.

బోర్డు రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. ఇనుప రేకు మీద తెల్ల పెయింటు, చుట్టూ అల్యూమినియం ఫ్రేము. ఎడమ నుంచి కుడికి ఎస్, పి, డి, ఎఫ్ వరుసలు, కింది నుంచి పైకి పోయేకొద్దీ శక్తి ఎక్కువ. ఒక్కో గడి మూడు సెంటీమీటర్లు. 1ఎస్ నుంచి 7పి దాకా మొత్తం 59 గడులు ఉన్నాయి. గడికి రెండు చొప్పున 118 ఎలక్ట్రాన్లు, అంటే ఒగనెస్సాన్ దాకా ఆవర్తన పట్టిక మొత్తం ఇందులో పడుతుంది. ఒక గడిలో మూడో బాణానికి చోటు లేదు. 1925లో పౌలీ చెప్పిన వర్జన నియమాన్ని గడి కొలతతోనే చెప్పేశారు, ఇది బాగుంది.

బాణాల దగ్గర మాత్రం పిసినారితనం చూపించారు. ఎరుపు 30, నీలం 30, మొత్తం 60 ఇచ్చారు. 118 గడిచోట్లకు 60 బాణాలేమిటని అడిగితే దుకాణం వాళ్లు "అరవయ్యో మూలకం దాకా వస్తుంది కదా" అంటారు. రాదు. బేరియం వరకు (56) ఎరుపు 28, నీలం 28 పడతాయి. లాంథనంలో 29వ ఎరుపు 5డిలోకి వెళ్తుంది. సీరియం విన్యాసం 4ఎఫ్¹ 5డి¹ 6ఎస్² (పైనున్న చిన్న అంకె ఆ గడుల్లోని ఎలక్ట్రాన్ల సంఖ్య) కాబట్టి 30వ ఎరుపు కూడా అయిపోతుంది. తర్వాతిది ప్రసియోడిమియం, 4ఎఫ్³ 6ఎస్². దానికి ఎర్రవి 31 కావాలి. చేతిలో రెండు నీలం బాణాలు మిగిలే ఉన్నా పెట్టడానికి వీల్లేదు, హుండ్ నియమం ప్రకారం 4ఎఫ్‌లోని ఆ మూడూ ఒకే దిక్కు చూడాలి. ఇందులో తమాషా ఏమిటంటే, ఈ బాణాల వెనక అంటించిన చిన్న బిళ్లలు నియోడిమియం అయస్కాంతాలు. నియోడిమియం పరమాణు సంఖ్య సరిగ్గా 60. పెట్టెలో ఉన్నవీ 60 బాణాలే. అయినా దాని విన్యాసం, 4ఎఫ్⁴ 6ఎస్², ఈ పెట్టెతో పెట్టలేం. 32 ఎరుపు, 28 నీలం కావాలి మరి. నీలం బాణాలు రెండింటిని తలకిందులు చేసి పెడితే పని గడుస్తుంది. కొనేటప్పుడే విడి బాణాలు ఒక ప్యాకెట్ అడిగి తీసుకోవడం మేలు.

వాడే పద్ధతిలో ముందుగా అలవాటు చేయాల్సింది లెక్కపెట్టుకోవడం. ఇనుము అనగానే గడులు నింపడం మొదలుపెట్టకుండా, 26 బాణాలు పక్కన తీసి పెట్టుకోవాలి. తర్వాత 1ఎస్, 2ఎస్, 2పి, 3ఎస్, 3పి వరకు జతలు జతలుగా 18 పెడితే ఆర్గాన్ అయిపోయింది. 19, 20 బాణాలు 4ఎస్‌లోకి. మిగిలిన ఆరింట్లో ఐదు ఎర్రవి 3డి ఐదు గడుల్లోనూ ఒక్కోటి, ఆరోది నీలం, మొదటి గడిలో జతగా. ఇప్పుడు బోర్డు మీద ఉన్న ఎరుపులోంచి నీలం తీసేయమనండి: 15లోంచి 11 పోతే 4. ఇనుము పరమాణువులో జతకూడని ఎలక్ట్రాన్లు నాలుగు. ఈ తీసివేత ఎక్కడైనా పనిచేస్తుంది, పైగా తప్పు పట్టేస్తుంది. క్రోమియానికి ఎవరైనా 3డి⁴ 4ఎస్² పెడితే తేడా 4 వస్తుంది, సరైన 3డి⁵ 4ఎస్¹ పెడితే 6 వస్తుంది. వెండికి 24 ఎరుపు, 23 నీలం, తేడా ఒకటి. 1922లో స్టెర్న్, గెర్లాక్ వెండి పరమాణువుల పుంజాన్ని అయస్కాంత క్షేత్రంలోంచి పంపితే అది రెండుగా చీలింది. ఆ చీలికకు కారణం 5ఎస్‌లో ఒంటరిగా ఉన్న ఆ ఒక్క బాణమే. రెండు పాయలు ఎందుకంటే అది పైకీ ఉండొచ్చు, కిందికీ ఉండొచ్చు. ఒంటరి బాణం ఎర్రదే కావాలన్నది మన వాడుక మాత్రమే.

నైట్రోజన్, ఆక్సిజన్ జత కూడా ఈ బోర్డు మీద చక్కగా కుదురుతుంది. నైట్రోజన్ 2పిలో మూడు ఎర్రవి, మూడు గడుల్లో. ఆక్సిజన్‌లో నాలుగోది నీలం, అప్పటికే ఎర్రది ఉన్న గడిలోకి దూరాలి. అయనీకరణ ఎంథాల్పీ (పరమాణువులోంచి ఒక ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావాల్సిన శక్తి) పీరియడ్‌లో ఎడమ నుంచి కుడికి పెరగాలని చెప్పి, నైట్రోజన్‌కు మోల్‌కు 1402 కిలోజౌళ్లు, ఆక్సిజన్‌కు 1314 అని రాయగానే పిల్లలు తప్పు అచ్చయిందనుకుంటారు. ఆ నీలం బాణాన్ని వేలితో చూపిస్తే చాలు, ఇరుకులో ఉన్నది తేలిగ్గా బయటికొస్తుందని వాళ్లే అంటారు.

ఇక అసలు లోపం. ఈ బోర్డు మీద 4ఎస్ గడి 3డి గడుల కంటే కింద ఉంటుంది, పెయింటు వేసి పర్మనెంట్‌గా. ఎన్+ఎల్ లెక్క (ఎన్ అంటే గడి పేరులోని అంకె, ఎల్ అంటే ఎస్‌కు 0, పికి 1, డికి 2, ఎఫ్‌కు 3) ప్రకారం అది సరే: 4ఎస్‌కు 4+0=4, 3డికి 3+2=5. తక్కువ మొత్తం ఉన్నది ముందు నిండుతుంది. 3డి, 4పి రెండింటికీ 5 వచ్చినప్పుడు ఎన్ తక్కువ ఉన్న 3డి ముందు. గడులు నిండే వరుసను చూపే మోయిలర్ చిత్రంలో ఏటవాలు గీతలు చెప్పేదీ ఇదే. కానీ ఈ వరుస తటస్థ పరమాణువులు ఒకదాని తర్వాత ఒకటి ఎలా తయారవుతాయో చెప్పే వరుస. ఏ పరమాణువులోనైనా 4ఎస్ ఎప్పుడూ 3డి కంటే కిందే ఉంటుందన్న మాట ఇందులో లేదు. బోర్డు మాత్రం ఆ మాటే చెబుతుంది, ఎందుకంటే దాని మీద ఎలక్ట్రాన్లకు చోటుంది గానీ కేంద్రకానికి లేదు.

దీన్ని బోర్డు మీదే బయటపెట్టొచ్చు. 19 బాణాలు తీసుకోండి. 18 ఆర్గాన్ దాకా పెట్టేయండి. పందొమ్మిదోది ఎక్కడ? కేంద్రకంలో ప్రోటాన్లు 19 ఉంటే అది పొటాషియం, బాణం 4ఎస్‌లోకి వెళ్తుంది. 20 ఉంటే ఒక ధనావేశమున్న కాల్షియం అయాన్, అదీ 4ఎస్‌లోకే. 21 ఉంటే రెండు ధనావేశాలున్న స్కాండియం అయాన్, ఇక్కడ బాణం 3డిలోకి వెళ్తుంది. ఎలక్ట్రాన్లు మూడింట్లోనూ 19 మాత్రమే, మారింది కేంద్రకావేశం. 4ఎస్ ఎలక్ట్రాన్ లోపలి కర్పరాల్లోకి కొంత చొచ్చుకుపోగలదు కాబట్టి పొటాషియంలో దానిదే పైచేయి. 3డి ఎలక్ట్రాన్‌కు ఆ సౌకర్యం తక్కువ, లోపలి 18 ఎలక్ట్రాన్లు దాన్ని కేంద్రకం నుంచి బాగా కప్పేస్తాయి. ప్రోటాన్లు పెరిగేకొద్దీ 3డి వేగంగా లోపలికి కుదించుకుపోతుంది, శక్తి గబగబా దిగుతుంది. స్కాండియం దగ్గరికి వచ్చేసరికి 4ఎస్‌ను దాటి కిందికి పోతుంది.

మరి స్కాండియం పరమాణువులో 4ఎస్² ఎందుకుంది, మూడూ 3డిలోకే పోవచ్చు కదా అని తెలివైన పిల్లలు అడుగుతారు. అడగాలి కూడా. 3డి చిన్న చోటు, అక్కడ ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి గట్టిగా నెట్టుకుంటాయి. మొత్తం పరమాణువు శక్తి తక్కువగా ఉండాలంటే ఒకటి 3డిలో, రెండు విశాలమైన 4ఎస్‌లో ఉండటమే లాభం. అందుకే ఒక్కో ఎలక్ట్రాన్‌ను తీసేస్తూ పోతే స్కాండియంలో ముందు పోయేవి 4ఎస్‌వి, చివరిదాకా నిలిచేది 3డిది.

బోర్డుతో నేర్చుకున్న వాళ్లు దీనికి సరిగ్గా తిరగేసి చేస్తారు. ఇనుముకు 26 పెట్టించి, రెండు ధనావేశాల అయాన్ చేయమంటే చెయ్యి నేరుగా 3డి వైపు పోతుంది. చివర పెట్టినవీ, పైన కనిపిస్తున్నవీ అవే మరి. తీయాల్సింది 4ఎస్ జతను. అలా తీస్తే 3డి⁶ మిగులుతుంది, ఎరుపు 14, నీలం 10, తేడా 4, స్పిన్ లెక్కన అయస్కాంత భ్రామకం (అయాన్ ఎంత బలమైన అయస్కాంతంలా ప్రవర్తిస్తుందో చెప్పే కొలత) 4.90 బోర్ మాగ్నెటాన్లు. ఇంకొకటి తీసి మూడు ధనావేశాల అయాన్ చేయాలంటే ఆ ఒంటరి నీలాన్ని తీయాలి: 14, 9, తేడా 5, భ్రామకం 5.92. 3డిలోంచే ముందు తీసుకుంటూ పోయిన వాళ్లకు మూడు ధనావేశాల దగ్గర 3డి³ 4ఎస్² వస్తుంది, భ్రామకం 3.87 అని రాసి మార్కులు పోగొట్టుకుంటారు. రెండు ధనావేశాల దగ్గర మాత్రం తప్పు దారిలో వెళ్లినా తేడా 4 వస్తుంది, 3డి⁴ 4ఎస్²లోనూ జతకూడనివి నాలుగే కాబట్టి. జవాబు సరిపోయింది కదా అని వదిలేస్తారు. అందుకని పరీక్షించేటప్పుడు మూడు ధనావేశాల ఇనుమునే అడగండి.

సరిచేసుకునే పద్ధతి ఇది. బోర్డు కింది మూలలో ఓ అరచేయంత ఖాళీ ఉంది. అక్కడ కేంద్రకం అని రాసి, ప్రోటాన్ల సంఖ్య వైట్‌బోర్డు మార్కర్‌తో వేయండి. బాణం ముట్టుకునే ముందు ఆ సంఖ్య రాయడం తప్పనిసరి చేయండి. రెండోది, 4ఎస్ గడిని కప్పేలా ఒక రబ్బరు అయస్కాంతపు ముక్క మీద 4ఎస్ అని రాసి ఉంచుకోండి. స్కాండియానికీ, దాని తర్వాతి మూలకాలకూ అయాన్లు చేసేటప్పుడు ఆ ముక్కనూ, దాని మీది బాణాలనూ 3డి వరుస పైకి జరపండి. తర్వాత తీయడం పై నుంచే మొదలవుతుంది. 5ఎస్, 6ఎస్‌లకూ ఇలాంటి ముక్కలు చేసుకోవచ్చు.

అయస్కాంతాల గురించి ఇంకో మాట. నియోడిమియం బిళ్లలను ఏ ధ్రువం ఎటు ఉందో చూడకుండా అంటించారు. ఫలితంగా ఒకే గడిలో పక్కపక్కన పెట్టిన ఎరుపు, నీలం కొన్నిసార్లు టక్కున అతుక్కుంటాయి, కొన్నిసార్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అతుక్కున్నప్పుడు పెద్ద ప్రమాదం ఉంది: వ్యతిరేక స్పిన్‌లు ఆకర్షించుకుంటాయి కాబట్టే జతకూడతాయని పిల్లలు అనుకుంటారు. నిజానికి రెండూ రుణావేశాలే, వికర్షణ పోదు. జతకూడటానికి శక్తి ఖర్చవుతుంది. మరో గడి అంతకంటే ఖరీదైనప్పుడే జతకడతాయి. రబ్బరు అయస్కాంతపు బాణాలున్న రకంలో ఈ బెడద లేదు. పట్టు కొంచెం తక్కువే అయినా దాన్నే కొనండి.

మాన్యువల్ సంగతి. 36 మూలకాల కార్డులు ఇచ్చారు, క్రోమియం, రాగి సరిగ్గానే ఉన్నాయి. కార్బన్ కార్డులో మాత్రం 2పిలో ఒక గడిలో ఎరుపు, పక్క గడిలో నీలం వేశారు. ఇది హుండ్ నియమానికి విరుద్ధం, రెండూ ఎర్రవే కావాలి. ఎందుకిలా జరిగిందో పక్కనే ఉన్న వివరణ చూస్తే అర్థమవుతుంది. బస్సులో ఖాళీ సీట్లుండగా పక్కన ఎవరూ కూర్చోరు, ఎలక్ట్రాన్లూ అంతే అని రాశారు. సింహాచలం బస్సులో వేర్వేరు సీట్లలో కూర్చున్న ఇద్దరూ ఒకే వైపు చూడాలన్న రూలు లేదు కదా! హుండ్ నియమంలో ఆ రెండో సగమే ముఖ్యం. ఒకే స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తప్పించుకు తిరుగుతాయి, అందువల్ల శక్తి తగ్గుతుంది, దాన్నే వినిమయ శక్తి అంటాం. లెక్క కూడా వేయొచ్చు: 3డిలో ఒకే దిక్కు చూసే నాలుగుంటే జంటలు 6, ఐదుంటే 10. క్రోమియం ఆ ఐదో బాణం కోసం 4ఎస్‌లోంచి ఒకటి లాక్కోవడం వెనక ఈ నాలుగు అదనపు జంటల పాత్ర ఉంది.

అట్ట వెనక 118 మూలకాల పట్టిక ఉంది. అది ఎన్+ఎల్ సూత్రం పెట్టి యాంత్రికంగా రాసుకుపోయింది. పల్లాడియానికి 4డి⁸ 5ఎస్² అని వేశారు, అసలు విన్యాసం 4డి¹⁰, 5ఎస్ ఖాళీ. నియోబియం 4డి⁴ 5ఎస్¹, రుథీనియం 4డి⁷ 5ఎస్¹, రోడియం 4డి⁸ 5ఎస్¹, ప్లాటినం 5డి⁹ 6ఎస్¹, గడోలినియం 4ఎఫ్⁷ 5డి¹ 6ఎస్². ఇవీ అసలు విన్యాసాలు, ఆ పట్టికలో మాత్రం అన్నీ తప్పుగానే వేశారు. ఇలా సూత్రానికి లొంగనివి ఆవర్తన పట్టికలో దాదాపు ఇరవై ఉన్నాయి. సగం నిండితే స్థిరత్వం అనే ఒక్క వాక్యంతో అన్నీ తేల్చేద్దామనుకుంటే టంగ్‌స్టన్ అడ్డుపడుతుంది. క్రోమియం, మాలిబ్డినం కిందే ఉన్నా దాని విన్యాసం 5డి⁴ 6ఎస్². ఆ పేజీ మీద తెల్లకాగితం అంటించేయండి.

విశాఖలో ఈ బోర్డుకు ఇంకో శత్రువు ఉంది, ఉప్పుగాలి. బీచ్ రోడ్డు వైపు, పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ లాంటి చోట్ల కిటికీ పక్కన వేలాడదీస్తే ముందు మేకుల రంధ్రాల దగ్గర, తర్వాత ఫ్రేములోకి దూరిన రేకు అంచుల్లో తుప్పు మొదలవుతుంది. కొన్నరోజే ఫ్రేము నాలుగు మూలల స్క్రూలు విప్పి, కోసిన అంచులకు రెడాక్సైడ్ పూసి, ఆరాక మళ్లీ బిగించండి. నియోడిమియం బిళ్లల పైన నికెల్ పూత ఉంటుంది, బాణాలు ఒకదానికొకటి ఠప్పున కొట్టుకుంటే అది పెచ్చులూడుతుంది, లోపలి భాగం పొడి పొడిగా రాలుతుంది. డబ్బాలో కుప్పగా పోయకుండా ఏదైనా రేకు ముక్క మీద వరుసగా అతికించి దాచండి. పెయింటు బాగా మెరిసేది కావడంతో ట్యూబ్‌లైట్ ఎదురుగా ఉంటే వెనక బెంచీలకు పై వరుసలు కనిపించవు. బోర్డును కాస్త ముందుకు వంచి వేలాడదీస్తే తగ్గుతుంది. ఎరుపు రంగు గుర్తుపట్టలేని పిల్లలూ ఉంటారు. బాణం మొన చిన్నది కాబట్టి మార్కర్‌తో మొనలు నల్లగా దిద్దడం మంచిది.

సొంతంగా చేయించుకునే వాళ్లకు: 24 గేజ్ జీఐ రేకు చాలు, జింకు పూత ఉంటుంది కాబట్టి తుప్పు కూడా ఆలస్యం. స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే 304 రకం తీసుకోకండి, అయస్కాంతం సరిగ్గా పట్టదు. 430కి పట్టుకుంటుంది. దుకాణానికి వెళ్లేటప్పుడు ఒక అయస్కాంతం జేబులో వేసుకెళ్తే గొడవ ఉండదు.

రెడీమేడ్ కొనేటప్పుడు బిల్లు కట్టక ముందే పెట్టె విప్పించి చూడండి. ఎఫ్ వరుసల్లో గడులు ఏడేసి ఉన్నాయా, 4ఎఫ్ గడులు 6ఎస్‌కు పైనే ఉన్నాయా, రేకు మధ్యలో సొట్ట పడిందా. గాజువాక, మధురవాడ దాకా ఆటో మీద వేసి పంపిన వాటిలో సొట్టలు ఎక్కువ, సొట్ట ఉన్నచోట రబ్బరు బాణం నిలవదు. చిన్న సైజు బోర్డు కూడా ఉంది, 1ఎస్ నుంచి 4పి దాకా 18 గడులు, 36 బాణాలు. క్రిప్టాన్ వరకు ఏ మూలకానికీ బాణాలు చాలకపోవడం ఉండదు. మొదటి సంవత్సరం వరకే అయితే అది సరిపోతుంది. రెండో సంవత్సరంలో డి, ఎఫ్ బ్లాకు మూలకాలు కూడా చెప్పాలంటే పెద్దది, దాంతోపాటు విడి బాణాలు ఎర్రవి కనీసం పది.